ఇరవై మూడో గొంతు

తన నోటి నుంచి వచ్చే ప్రార్థన తనదేనా అన్న అనుమానం నెల్సీకి పదకొండేళ్ళుగా ఉంది.

దేవుడున్నాడా లేడా అన్న అనుమానం ఆమెకెప్పుడూ రాలేదు. పొద్దున్నే వీధిలో రొట్టెలు కాలే వాసన ఎలా ఉంటుందో ఆయనా అలాగే ఉన్నాడు. తెలియనిదల్లా తన సంగతే. మెక్సికోలోని వాయదొలీద్ ఊళ్ళో, శాంతా లూసియా పేటలో ఎవరు పోయినా తొమ్మిది రోజుల జపమాల చెప్పించడానికి నెల్సీనే పిలుస్తారు. ఆమె సగం చెప్తుంది, కూర్చున్నవాళ్ళు మిగతా సగం అందుకుంటారు. ఆ సగం ఆమె వాళ్ళమ్మ దగ్గర విన్నది. అమ్మ తన అమ్మ దగ్గర విన్నది. ఒక్కోసారి నోరు తన దారిన తాను చెప్పుకుంటూ పోతుంటే, మనసు మాత్రం రేపు సోమవారం వంటకు చిక్కుడు గింజలు నానబెట్టానా లేదా అని చూసుకుంటూ ఉంటుంది. అలాంటప్పుడు ప్రార్థిస్తున్నది ఎవరు? తనా, వాళ్ళమ్మా, లేక ఎవరూ కాదా?

ఈ అనుమానాన్ని పుట్టించింది సొకోర్రో.

జ్ఞానస్నానం నాడు సొకోర్రో కూతుర్ని ఎత్తుకున్నది నెల్సీయే. అప్పట్నుంచి ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రె అని పిలుచుకునేవారు, బిడ్డను పంచుకున్న తల్లులన్నట్టు. పంచుకున్నది బిడ్డనొక్కదాన్నే కాదు, మాటల్ని కూడా. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు ముగించేవారు. బజారులో టమాటాలు అమ్మే ఆయన తక్కెడ పట్టుకుని, "అమ్మా, మీ ఇద్దరిలో ఒకరు నోరు మూసుకోండి, లేకపోతే కిలో అన్నదెవరో, రెండు కిలోలన్నదెవరో నాకు తెలియదు" అనేవాడు.

అలాంటి సొకోర్రో భర్త ఎవేలియో పోయాడు. ఎనిమిది రోజులు నెల్సీయే జపం చెప్పించింది. ఎనిమిదో రోజు, వచ్చినవాళ్ళకు వేడి చాక్లెట్ పోస్తూ సొకోర్రో అందరి ముందూ అనేసింది:

"బాగానే చెప్తావు కొమాద్రె. లాటరీ నంబర్లు చదివినట్టు. మా ఆయన పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా నీకొకటే."

భర్తను పోగొట్టుకున్న మనిషి, ఏదో అంది. నెల్సీకి అది తెలుసు. తెలిసి కూడా తొమ్మిదో రోజు వెళ్ళలేదు. జ్వరమని కబురు పంపింది. జనం వచ్చి, కుర్చీల్లో కాసేపు కూర్చుని, చాక్లెట్ తాగి, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారట. ఆ తొమ్మిదో జపమాల అలాగే బాకీ ఉండిపోయింది. ముందు కోపంతో వెళ్ళలేదు, తర్వాత సిగ్గుతో. మధ్యలో మూడే వీధులు. బజారులో ఎదురుపడితే తల ఊపుకోవడం, అంతే.

*

ఈ ఏడాది వానలు మొదలయ్యే ముందు మేరిదా నగరం నుంచి యారెలీ అనే అమ్మాయి వచ్చింది. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోందట, ఆ ప్రాంతపు పాత భాష మాయా బాగా వచ్చి, చదవడం రాయడం తెలిసినవాళ్ళు కావాలంది. గుడి పక్కన ఒక గది అద్దెకు తీసుకుంది.

నెల్సీ భర్త గస్పార్ మూడు చక్రాల బండి మీద రొట్టెలు అమ్ముతాడు. సంగతి విని పెద్దగా నవ్వాడు.

"మాట్లాడేవాళ్ళు కావాలంటే ఈ పేటలో నిన్ను మించినవాళ్ళెవరు?"

"మాట్లాడ్డానికి కాదు, వినడానికి."

"అయ్యో. మరి నిన్నెందుకు తీసుకున్నారు?"

నిజానికి మొదట మాట్లాడించారు కూడా. నెల్సీకి ఆ వారం బాగా జలుబుగా ఉంది. అయినా యారెలీ ఆమెను మైకు ముందు కూర్చోబెట్టి నలభై ఎనిమిది వాక్యాలు చదివించింది. తేనెటీగ పంతులమ్మను కుట్టింది. దొంగ కుక్క చేత కాట్లు తిన్నాడు. అన్నీ ఇలాంటివే.

"అన్నీ ఎవరో ఒకరికి దెబ్బలు తగిలేవేనా తల్లీ?" అంది నెల్సీ.

"ఒకరు చేయాలి, ఒకరు పడాలి దోన్యా నెల్సీ. అప్పుడే నా పని జరుగుతుంది." పెద్దవాళ్ళ పేర్ల ముందు ఆమె మర్యాదకు దోన్యా అనో దోన్ అనో చేరుస్తుంది.

ఆ గొంతుతో యారెలీ పేటలన్నీ తిరిగింది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ముందు నెల్సీ గొంతులో ఒక వాక్యం వినిపిస్తుంది. తర్వాత తెర మీద వేరే బొమ్మ చూపించి, ఏం జరుగుతోందో చెప్పమంటుంది. వాళ్ళు చెప్పింది రికార్డు చేసే పెట్టెలోకి ఎక్కుతుంది. ఒకే బొమ్మను చూసి ఒకరు "ఆవు పాలవాణ్ణి తన్నింది" అంటారు, ఇంకొకరు "పాలవాడు ఆవు చేత తన్నులు తిన్నాడు" అంటారు. వాటిని వినడం నెల్సీ పని. తన్నిన ఆవు ముందొస్తే ఒకటి వేయాలి. తన్నులు తిన్న పాలవాడు ముందొస్తే రెండు. వాక్యం సగంలో ఆగినా, బొమ్మను వదిలేసి ఇంకేదో మాట్లాడినా సున్నా. ముందుగా విన్నమాట విన్నట్టు రాయాలి, తర్వాతే అంకె.

"వీళ్ళు ముందు నా గొంతులో ఏ వాక్యం విన్నారో నాకు చెప్పవా?"

"చెప్పకూడదు. చెప్తే మీ చెవి అటే మొగ్గుతుంది. అందుకే ఆ ముక్కలు కోసేశాను. ఇంకో నియమం. ఇది చిన్న ఊరు. ఎవరి గొంతైనా గుర్తుపడితే వెంటనే ఆపేసి ఆ రికార్డు నాకు ఇచ్చేయాలి. బయట ఎవరికీ చెప్పకూడదు."

"ఇంతకీ నువ్వు చూడాలనుకునేదేమిటి?"

యారెలీ పెన్ను మూత పెట్టింది. "చేసినవాడు ముందొచ్చే వాక్యం వింటే మనిషి తర్వాతి బొమ్మకు అదే వరసలో చెప్తాడా, పడ్డవాడు ముందొచ్చేది వింటే అలా చెప్తాడా అని. మాటలు కావు, మాటల వరస. చాలాసార్లు అలాగే చెప్తారు. తమకు తెలియకుండానే."

"అంటే మనుషులు చిలకలా?"

"నేనలా అనలేదు!"

నెల్సీ నవ్వి ఊరుకుంది గానీ ఇంటికెళ్ళే దారంతా ఆ మాటే నమిలింది. చూశావా, సొకోర్రో అన్నది నిజమే అన్నమాట. ముందు విన్నది నోటికొస్తుంది. ఇక జపమాలలో నాదేముంది?

*

నెల్సీ విన్నవాటినే విడిగా ఇంకొకరు కూడా వింటారు. ఆయన పాతికేళ్ళు బడిలో పిల్లలకు మాయా నేర్పి పదవీ విరమణ చేసిన దోన్ అమీల్కర్. ఇద్దరూ వేరువేరు రోజుల్లో వస్తారు, ఒకరి అంకెలు ఒకరు చూడరు. శుక్రవారం మాత్రం కలిసి కూర్చుని, ఎక్కడ కలవలేదో చూసుకుంటారు. మొదటి మూడు వారాలు బాగా కలిశాయి. నెల్సీ ఇద్దరిని గుర్తుపట్టింది, ఇద్దరినీ నిజాయితీగా ఇచ్చేసింది. అందులో ఒకాయన టమాటాలాయన. నోరు విప్పకముందే, దగ్గుకే తెలిసిపోయాడు.

నాలుగో వారంలో ఇరవై మూడో గొంతు వచ్చింది.

"పాలవాణ్ణి ఆవు..."

నెల్సీ చెవుల మీది హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో నొక్కిపట్టుకుంది. గొంతు కొంచెం ముదిరింది. చివర్లో చిన్న వణుకు వచ్చి చేరింది. అయినా అది సొకోర్రోదే. అద్దె గదిలో ఫ్యాను కింద, ప్లాస్టిక్ కుర్చీలో, పదకొండేళ్ళ తర్వాత సొకోర్రో ఆమె చెవిలో మాట్లాడుతోంది.

ఆపేసి ఇచ్చేయాలి. తెలుసు. ఇంకొక్క బొమ్మ విని ఇచ్చేద్దాం అనుకుంది. తర్వాత ఇంకొకటి. ఇరవై నాలుగు బొమ్మలూ విన్నది, రాసింది, అంకెలు వేసింది.

పదకొండో బొమ్మ దగ్గర సొకోర్రో బొమ్మ గురించి ఏమీ చెప్పలేదు. "అమ్మాయీ, ఈ పెట్టెలో మాట్లాడే గొంతు నాకు తెలుసు. దీనికి జలుబు చేసింది. తేనె, నిమ్మకాయ పిండుకుని తాగమని చెప్పు. ఎవరూ చెప్పకపోతే తాగదు" అంది.

నెల్సీ అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. బొమ్మను వదిలేసి మాట్లాడితే సున్నా. చాలాసేపు పెన్ను కదలలేదు. నియమం నియమమే. సున్నా వేసింది.

ఆ సాయంత్రం వేడినీళ్ళలో తేనె, నిమ్మకాయ కలుపుకుని తాగింది. గస్పార్ చూశాడు.

"జలుబు పోయి రెండు నెలలైంది కదా?"

"ఇప్పుడు గుర్తొచ్చింది" అంది నెల్సీ.

*

శుక్రవారం యారెలీ ముఖంలో కళ లేదు. కాగితాలు బల్ల మీద పరిచింది.

"ఇరవై మూడు దగ్గర ఇరవై నాలుగింట్లో ఏడు కలవలేదు. మిగతా అందరివీ కలిపినా ఏడు తేడాలు లేవు. ఇలా వస్తే మా గురువుగారు మొత్తం అనుమానిస్తారు."

దోన్ అమీల్కర్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆ ఏడింటికీ నేను సున్నా వేశాను. ఆవిడ వాక్యం ముగించనే లేదు. దోన్యా నెల్సీ మాత్రం ఒకట్లు, రెండ్లు పంచిపెట్టారు. పండగపూట మిఠాయిల్లాగా."

"ముగించింది మాస్టారూ. నేను విన్నాను."

"నా హెడ్‌ఫోన్ పాతదే. మరీ అంత పాతది కాదు."

యారెలీ పెట్టె నొక్కింది. ముగ్గురూ వంగి విన్నారు. "పాలవాణ్ణి ఆవు..." తర్వాత ఫ్యాను చప్పుడు. ఎక్కడో కుక్క మొరిగింది. అంతే. ఆ బొమ్మ అయిపోయింది.

నెల్సీ తన కాగితం చూసుకుంది. "పాలవాణ్ణి ఆవు తన్నింది" అని ఉంది, గుండ్రని అక్షరాల్లో, తన చేత్తో.

"మళ్ళీ పెట్టమ్మా."

మళ్ళీ పెట్టింది. ఫ్యాను, కుక్క. ఏడూ పెట్టింది. ఏడింట్లోనూ సొకోర్రో సగంలో ఆగింది. ఏడింటినీ నెల్సీ ముగించింది, ముగిస్తున్నానన్న ఎరుక కూడా లేకుండా. ఆ నిశ్శబ్దాలు ఆమెకు వినపడనే లేదు. పాతికేళ్ళు ఆ గొంతు ఆగిన చోటల్లా మొదలుపెట్టిన మనిషికి అవి నిశ్శబ్దాల్లా ఎలా వినపడతాయి?

చివరిది ఇరవయ్యో బొమ్మ. సొకోర్రో గొంతు నెమ్మదిగా వచ్చింది: "ఈవిడ గుమ్మంలో కూర్చుంది. ఎవరో వస్తారని..."

ఫ్యాను.

దోన్ అమీల్కర్ నెల్సీ కాగితం తీసుకుని పైకి చదివాడు. "'ఎవరో వస్తారని ఎదురుచూస్తోంది. ఇన్నాళ్ళు రానివాళ్ళు ఇప్పుడొస్తారా అని కూడా అనుకుంటోంది, అయినా కుర్చీ లోపలికి తీసుకెళ్ళడం లేదు.'" ఆయన బొమ్మను చూశాడు, నెల్సీని చూశాడు. "బొమ్మలో కోడిపుంజు ఆడమనిషి కాలు పొడుస్తోంది. ఆవిడ పుంజును మరిచిపోయింది, పోనీ. మీకేమైంది? పుంజు ఏదమ్మా?"

యారెలీకి నవ్వు ఆగలేదు. నెల్సీకి కూడా రాబోయి, మధ్యలో ఇంకేదో అయింది. రుమాలు అందుబాటులో లేదు గనక చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకుంది.

"ఆమె నాకు తెలుసు తల్లీ. మొదటి బొమ్మకే తెలుసు. ఆపేసి నీకివ్వాల్సింది. ఇవ్వలేదు. తప్పు నాదే. నన్ను మానేయమంటే మానేస్తాను."

యారెలీ కాగితం అంచును మడిచి, మళ్ళీ విప్పింది.

"చెప్పాల్సింది దోన్యా నెల్సీ. దీన్ని మేరిదాలో ఇంకొకరితో వినిపిస్తాను. మీ మిగతా కాగితాలన్నీ మళ్ళీ సరిచూడాలి. రెండు వారాల పని." కుర్చీ నెల్సీ వైపు జరుపుకుంది. "ఒక్కటి అడుగుతాను. ముందు విన్న వాక్యాలు మీ దగ్గర లేవు, కోసేశాను. ఆవిడా ఇది అనలేదు. బొమ్మలోనూ లేదు. మరి ఇదంతా ఎక్కడిది?"

"తెలియదమ్మా."

"ఎక్కడా లేకపోతే ఇంకెక్కడిది?" అన్నాడు దోన్ అమీల్కర్, కాగితాలు సర్దుతూ. "దోన్యా నెల్సీదే. పిల్లల పరీక్ష కాగితాల్లో ఇలాంటిది కనిపిస్తే, పక్కవాడిది చూసి రాయలేదని మాత్రం తెలిసిపోయేది నాకు. మార్కులు మాత్రం రావు, సున్నాయే."

యారెలీ కొత్త కాగితాల కట్ట నెల్సీ ముందు పెట్టింది. "సోమవారం నుంచి మొదట్నుంచీ వినండి. వాళ్ళు ఆగిన చోట మీరూ ఆగండి."

*

మర్నాడు శనివారం. సాయంత్రం నాలుగింటికి నెల్సీ స్నానం చేసి, పువ్వులు కుట్టిన తెల్ల అంగీ వేసుకుంది. గస్పార్ బండిలోంచి నాలుగు తీపి రొట్టెలు తీసి గుడ్డలో చుట్టింది. వాళ్ళమ్మ జపమాల చేతిలోకి తీసుకుంది.

"ఎవరు పోయారు?" అన్నాడు గస్పార్.

"ఎవేలియో."

"ఆయన పోయి పదకొండేళ్ళయింది!"

"అందుకే. ఇంకా ఆలస్యం చేస్తే బాగుండదు."

మూడు వీధులు. దారిలో ఏం మాట్లాడాలో సర్దుకోబోయింది. ఏదనుకున్నా ఎప్పుడో ఎవరో అన్నట్టే ఉంది. సరే, ఆమె ముఖం చూసినప్పుడే చూసుకుందాం అనుకుంది.

సొకోర్రో గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన కోడిపుంజు లేదు, బూడిద రంగు పిల్లి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నెల్సీ వీధి మలుపు తిరిగినప్పటి నుంచీ చూస్తూనే ఉంది గానీ లేవలేదు. దగ్గరికొచ్చాక తల ఎత్తి అడిగింది:

"జ్వరం తగ్గిందా?"

"ఇవాళే తగ్గింది" అంది నెల్సీ.

సొకోర్రో మూతి బిగించింది. నవ్వు ఆపుకోవడానికి అలా చేస్తుందని నెల్సీకి తెలుసు.

"నీ గొంతు విన్నాను. మేరిదా పిల్ల ఒక పెట్టె తెచ్చింది. దాంట్లోంచి అది కుట్టింది, ఇది కరిచింది అంటూ ఒకటే గోల. పాడుమాటలన్నీ ఏరి నీకే ఇచ్చారేం?"

"అవునా" అంది నెల్సీ. నేనూ నీ గొంతు విన్నాను అనడానికి లేదు. మాటిచ్చింది.

"జలుబు చేసినట్టుంది అప్పుడు. తేనె, నిమ్మకాయ తాగావా?"

"తాగాను."

"ఎవరు చెప్పారు?"

నెల్సీ రొట్టెల మూట ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "తొమ్మిదో రోజు చెప్పించడానికి వచ్చాను కొమాద్రె. రానిస్తావా?"

సొకోర్రో లేచి, కుర్చీ ఎత్తి లోపలికి తీసుకెళ్ళింది. నెల్సీ ఆమె వెనకే వెళ్ళింది.

గోడకు ఎవేలియో ఫొటో వేలాడుతోంది. దాని కింద బల్ల మీద మరియమ్మ బొమ్మ, గ్లాసు నీళ్ళు. సొకోర్రో కొవ్వొత్తి వెలిగించి కూర్చుంది. నెల్సీ జపమాల పట్టుకుంది గానీ వెంటనే మొదలుపెట్టలేదు.

"ఎవేలియో, ఆలస్యమైంది, క్షమించు" అంది, ఫొటో వైపు చూస్తూ. "నా సైకిల్ గొలుసు ఊడిన ప్రతిసారీ నువ్వే వేశావు. వేసి, ఆ నూనె చేత్తోనే మా గోడకు ఆనుకుని కబుర్లు చెప్పేవాడివి. ఆ మరక ఇంకా ఉంది. గస్పార్ రెండుసార్లు గోడకు సున్నం వేశాడు. ఆ చోట మాత్రం నేను వేయనివ్వలేదు."

సొకోర్రో తిరిగి చూసింది. "ఏ మరక? కిటికీ కిందదా?"

"కిటికీ కిందదే."

"నాకు చెప్పనే లేదు" అంది సొకోర్రో. "ఇన్నేళ్ళు ఉంచుకుని..."

నెల్సీ ఆగింది. ఆ సగాన్ని ఈసారి తను ముగించలేదు. సొకోర్రో కళ్ళు తుడుచుకుని, "మంచి పని చేశావు" అని తనే ముగించింది.

అప్పుడు మొదలుపెట్టింది నెల్సీ. వాళ్ళమ్మ మాటలే, అమ్మమ్మ మాటలే, ఒక్క అక్షరం మారలేదు. సగం ఆమె చెప్పింది, మిగతా సగం సొకోర్రో అందుకుంది. వీధిలో ఐస్‌క్రీం బండి గంట కొట్టుకుంటూ వెళ్ళింది. మూడో పది పూసల దగ్గర నెల్సీకి చిక్కుడు గింజలు గుర్తొచ్చాయి. పోనీలే అనుకుంది. గింజలూ రానీ. ఎవేలియోకి చిక్కుడు గింజలంటే ఇష్టమే.

ఆఖరి పూస వేళ్ళ మధ్య నుంచి జారాక సొకోర్రో వంటింట్లోకి వెళ్ళి రెండు కప్పుల్లో చాక్లెట్ తెచ్చింది. తీపి రొట్టె తుంచి ఒక ముక్క నెల్సీకిచ్చి, ఇంకో ముక్క ఫొటో ముందు పెట్టింది.

"తొమ్మిది" అంది సొకోర్రో. వంగి కొవ్వొత్తి ఆర్పింది.